ఇద్దరం కలిసి ఆడుకునే గేమ్ ఉందా అన్నా?

మన సంఘం ఉగాది కార్యక్రమాల్లోనో, వనభోజనాల్లోనో విస్తరి ముందు కూర్చున్నప్పుడు నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నాకు వీడియో గేమ్స్ పిచ్చి ఉందని అందరికీ తెలుసు కాబట్టి మొహమాటం లేకుండా అడిగేస్తారు. అడిగేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం, ఇక్కడే రియాద్‌లోనో జుబైల్‌లోనో పిల్లలతో ఉన్నవాళ్ళు: "ఇద్దరూ ఒకే టీవీ ముందు కొట్టుకోకుండా ఆడుకునేది ఏదైనా చెప్పన్నా" అంటారు. రెండో రకం, కుటుంబాన్ని ఊరికి పంపేసి ఒంటరిగా ఉంటున్నవాళ్ళు: "మావాడు అక్కడ, నేనిక్కడ. ఫోన్ చేస్తే తిన్నావా, చదివావా తప్ప మాటలు దొరకట్లేదు. ఏదైనా ఆట ఉంటే..." అని ఆపేస్తారు.

ఈ రెండో రకం ఎందుకు పెరిగారో సౌదీలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. బయటి దేశాల పాఠకుల కోసం చెబుతున్నాను. 2017 జూలై నుంచి ఇక్కడ పనిచేసే విదేశీయుల కుటుంబసభ్యులకి తలకి నెలకి 100 రియాళ్ళ రుసుము పెట్టారు. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకి 1,200 రియాళ్ళు. ఇఖామా రెన్యువల్ అప్పుడు ఏడాదిది కలిపి చూసుకుంటే గుండె జారుతుంది. మేం కూడా 2019లో లెక్కలు వేసుకుని, మావాళ్ళని రాజమండ్రి పంపేశాం. కాబట్టి ఈ ప్రశ్న నాకు పరాయిది కాదు.

అయితే జవాబు చెప్పడం అనుకున్నంత సులువు కాదు. ఎందుకంటే ఈ "కలిసి ఆడే" ఆటల విషయంలో గేమ్ కంపెనీలు మాట ఇచ్చి తప్పినంతగా ఇంకెక్కడా తప్పలేదేమో అనిపిస్తుంది. ఏ గేమ్ కొనాలో చెప్పేముందు ఆ కథ కొంచెం చెప్పాలి.

ముందు పేరు సంగతి. వీటిని కో-ఆప్ గేమ్స్ అంటారు. కో-ఆప్ అనగానే మనకి ఊళ్ళో సహకార సంఘం, ఎరువుల బస్తాలు గుర్తొస్తాయి గానీ అర్థం అదే, సహకారం. ఒకరి మీద ఒకరు గెలవడం కాదు, ఇద్దరూ కలిసి ఆటమీద గెలవడం. తొంభైల్లో పెరిగిన మనవాళ్ళకి ఇది కొత్త కాదు. టీవీకి తగిలించే ఆ చవక వీడియో గేమ్ మీద కాంట్రా ఆడనివాళ్ళు ఎవరు? అందులో జలపాతం లెవెల్ గుర్తుందా? ఒకడు తొందరపడి పైకి ఎక్కేస్తే తెర పైకి జరిగిపోయి కిందున్నవాడు చచ్చేవాడు. అన్నదమ్ముల మధ్య అసలైన తగువులన్నీ అక్కడే. సహకారం అంటే ఏమిటో ఆ జలపాతం నేర్పినంతగా ఏ నీతికథా నేర్పలేదు. బ్యాటిల్ సిటీలో ఇద్దరి ట్యాంకులూ కలిసి కింద ఉన్న పక్షి గుర్తుని కాపాడుకోవాలి. ఒకడు వేటకి పోతే ఇంకొకడు ఇంటి దగ్గర కాపలా.

అన్నట్టు, మాట తప్పడం కూడా అప్పుడే మొదలైంది. క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని అచ్చేసి ఉండేది. తీరా పెడితే అవే పది ఇరవై ఆటలు, పేర్లు మార్చి, లెవెల్ మార్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అరచేతిలో వైకుంఠం అంటే అదే. కాకపోతే ఆ క్యాసెట్ ఎవరు చేశారో తెలియదు, నిలదీయడానికి మనిషి లేడు. ఇప్పటివాళ్ళు వేదికలెక్కి, పేరు పెట్టి, తారీఖు చెప్పి మాట ఇస్తారు.

అందులో అందరికీ బాగా తెలిసింది హేలో కథ. 2001లో మొదటి హేలో వచ్చినప్పుడు దాని ఆకర్షణల్లో ఒకటి, టీవీ తెరని రెండుగా చీల్చి ఇద్దరు స్నేహితులు కథ మొత్తం కలిసి ఆడగలగడం. దీన్నే స్ప్లిట్ స్క్రీన్ అంటారు. 2015లో వచ్చిన హేలో 5లో దాన్ని తీసేశారు. అభిమానులు గోల చేశారు. దాంతో 2017 ఫిబ్రవరిలో ఆ స్టూడియో అధిపతి బానీ రాస్ డైస్ అనే పరిశ్రమ సదస్సులో, ఇకమీదట తాము చేసే ప్రతి షూటింగ్ గేమ్‌లోనూ స్ప్లిట్ స్క్రీన్ ఉంటుందని బహిరంగంగా చెప్పారు. 2021 డిసెంబర్‌లో హేలో ఇన్ఫినిట్ వచ్చింది. కథని కలిసి ఆడే సౌకర్యం అప్పటికి ఏ రూపంలోనూ లేదు, తర్వాత ఇస్తామన్నారు. నెట్ ద్వారా ఆడే కో-ఆప్ 2022 నవంబర్‌లో వచ్చింది. ఒకే టీవీ మీద కథ ఆడే కో-ఆప్ మాత్రం రద్దు చేశామని దానికి రెండు నెలల ముందే ప్రకటించేశారు. ఆ మనుషుల్ని వేరే పనులకి వాడుకుంటాం అన్నారు. న్యాయంగా చెప్పాలంటే పోటీ మ్యాచ్‌లలో స్ప్లిట్ స్క్రీన్ ఉంది కాబట్టి మాట పూర్తిగా తప్పారనలేం. కానీ అన్నదమ్ములు సోఫాలో కూర్చుని కథ పూర్తిచేసే ముచ్చట కోసం ఎదురుచూసినవాళ్ళకి ఆ వివరణ ఏం సంతృప్తినిస్తుంది?

ఇంతకీ అంత కష్టమా అని మీరు అడగొచ్చు. 2001లో చేయగలిగింది ఇరవై ఏళ్ళ తర్వాత ఎందుకు చేయలేరు? కష్టమే, దానికి కారణం ఉంది. తెరని రెండు భాగాలు చేస్తే మిషన్ ఒకే ప్రపంచాన్ని రెండు వైపుల నుంచి రెండుసార్లు గీయాలి. పాత ఆటల్లో ప్రపంచం గదులూ నడవాలూగా ఉండేది, ఇద్దరూ దాదాపు ఒకే చోట ఉంటారు. ఇప్పటి ఆటల్లో విశాలమైన భూభాగం ఉంటుంది. అన్న ఉత్తరాన కొండెక్కితే తమ్ముడు దక్షిణాన నది దగ్గర ఉంటాడు. ఆ రెండు చోట్లకీ చెందిన చెట్లు, మనుషులు, శత్రువులు అన్నీ ఒకేసారి మెమరీలో పట్టాలి.

బాల్డర్స్ గేట్ 3 దీనికి మంచి ఉదాహరణ (పెద్దల ఆట సుమా, పిల్లలకి కాదు). 2023లో కంప్యూటర్‌కీ ప్లేస్టేషన్‌కీ వచ్చేసింది గానీ ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యమైంది. ఎక్స్‌బాక్స్‌లో పెద్దన్న సిరీస్ ఎక్స్‌కి 16 జీబీ మెమరీ, చవకైన సిరీస్ ఎస్‌కి 10 జీబీ. ఆ పదిలో స్ప్లిట్ స్క్రీన్ పట్టలేదు. చివరికి సిరీస్ ఎస్‌లో అది లేకుండానే 2023 డిసెంబర్‌లో విడుదల చేశారు. కానీ వదిలేయలేదు. 2025 ఏప్రిల్‌లో ఎనిమిదో ప్యాచ్‌లో సిరీస్ ఎస్‌కి కూడా ఇచ్చారు. అంటే కష్టమే గానీ అసాధ్యం కాదు.

ఇంకో కారణం ఎవరూ వేదిక మీద చెప్పరు. ఇద్దరు ఒకే టీవీ మీద ఆడితే అమ్ముడయ్యేది ఒక కాపీ. నెట్‌లో ఆడితే రెండు కాపీలు, రెండు మిషన్లు, ఇద్దరికీ నెలవారీ చందా. ఇది నా అభిప్రాయమే అనుకోండి, కానీ ఎవరైనా వ్యాపారి ఏ వైపు మొగ్గుతాడో మనకి తెలియనిదా?

సోఫా ఆటలే కాదు, నెట్ ఆటల్లోనూ ఇదే తంతు. 2019 నవంబర్‌లో ఓవర్‌వాచ్ 2 ప్రకటించినప్పుడు ప్రధాన ఆకర్షణగా చూపించింది, నలుగురు స్నేహితులు కలిసి యంత్రాల సైన్యంతో పోరాడే హీరో మిషన్లు. 2022 అక్టోబర్‌లో మొదటి ఆట సర్వర్లు మూసి రెండోది తెచ్చారు, హీరో మిషన్లు తర్వాత అన్నారు. 2023 మేలో అవి రద్దు అన్నారు. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న సామెత మనకి ఊరికే పుట్టలేదు. ఇక యాంథమ్ అనే ఆట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. నలుగురు ఇనుప కవచాలు తొడుక్కుని గాల్లో ఎగురుతూ కలిసి ఆడేది. ఎగరడం అద్భుతం, మిగతాది ఖాళీ. పూర్తిగా బాగుచేస్తామని మాట ఇచ్చారు, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు, 2026 జనవరి 12న సర్వర్లే మూసేశారు. అది ఒంటరిగా ఆడాలన్నా నెట్ కావాల్సిన ఆట. డిస్కు కొన్నవాడి చేతిలో ఇప్పుడు మిగిలింది మెరిసే ప్లాస్టిక్ బిళ్ళ.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు ఇద్దరు ఆటగాళ్ళు కష్టపడి ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు. ఒకరికి ఒకరు కనిపించలేదు! కలుసుకోవడం అరుదు గానీ సాధ్యమే అని అంతకుముందు చెప్పి ఉన్నారు మరి. తిట్లు వెల్లువెత్తాయి. ఆ చిన్న ఇంగ్లీషు కంపెనీ నోరు మూసుకుని పనిచేసింది. 2018 జూలైలో నిజమైన కో-ఆప్ ఉచితంగా ఇచ్చింది, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఉచితంగానే కొత్తవి చేరుస్తూ వచ్చింది. స్టార్‌డ్యూ వ్యాలీది ఇంకా ముచ్చటైన కథ. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తనే చేసుకుని 2016లో విడుదల చేశాడు. కలిసి ఆడేది తర్వాత వస్తుందన్నాడు. 2018లో నెట్ ద్వారా, 2020 డిసెంబర్‌లో ఒకే తెర మీద వచ్చింది. రెండూ ఉచితం. ఆలస్యం చేశాడు గానీ మాట తప్పలేదు.

ఇదంతా సౌదీలో ఉన్న మనకి ఇంకో రకంగా దగ్గరి విషయం అయిపోయింది. ఒకప్పుడు ఇక్కడ గేమ్ అంటే దుకాణంలో కొనే సరుకు. ఇప్పుడు ఆ కంపెనీల్లో ఈ దేశపు డబ్బు ఉంది. ప్రభుత్వ పెట్టుబడుల నిధి కింద ఉన్న శావీ గేమ్స్ గ్రూప్ 2023లో స్కోప్లీని 490 కోట్ల డాలర్లకి కొంది. 2024 వేసవి నుంచి రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్ మొదలైంది. 2025 సెప్టెంబర్ 29న, ఆ నిధి మరో రెండు సంస్థలతో కలిసి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ని 5,500 కోట్ల డాలర్లకి కొనబోతున్నట్టు ప్రకటించారు. పైన చెప్పిన యాంథమ్ ఈఏదే. కింద చెప్పబోయే ఒక గొప్ప కో-ఆప్ ఆటని ప్రచురించింది కూడా ఈఏనే.

పెద్ద డబ్బు మాటలు కూడా తారుమారు అవుతాయి. స్వీడన్‌కి చెందిన ఎంబ్రేసర్ గ్రూప్‌లో శావీ 2022లో 100 కోట్ల డాలర్లు పెట్టింది. 2023 మేలో 200 కోట్ల డాలర్ల ఇంకో ఒప్పందం చివరి నిమిషంలో తప్పిపోయిందని ఎంబ్రేసర్ చెప్పింది. అవతలి పక్షం శావీయేనని తర్వాత ఆక్సియోస్ వార్తాసంస్థ రాసింది. ఎంబ్రేసర్ షేరు కుప్పకూలి, స్టూడియోలు మూయడం మొదలుపెట్టింది. అలా 2023 ఆగస్టు చివర్లో మూతపడినవాటిలో సెయింట్స్ రో ఆటలు చేసిన వొలిషన్ ఒకటి. ఇద్దరు కలిసి ఊరంతా అల్లరి చేస్తూ తిరిగే కో-ఆప్‌కి ఆ ఆటలు పేరుమోసినవి.

సరే, అసలు విషయానికి వద్దాం. కొనేముందు ఏం చూడాలి?

ట్రైలర్ చూసి కొనకండి. మన సినిమావాళ్ళ ట్రైలర్‌కీ సినిమాకీ ఎంత తేడా ఉంటుందో తెలిసినవాళ్ళం మనం. డబ్బా వెనక చిన్న గుర్తులు చూడండి. ప్లేస్టేషన్ డబ్బా మీద "1-2 ప్లేయర్స్" అని ఉంటే ఒకే టీవీ మీద ఇద్దరు ఆడొచ్చు. "1 ప్లేయర్" అని ఉండి పక్కన "నెట్‌వర్క్ ప్లేయర్స్ 2-4" అని ఉంటే ఆ నలుగురూ నాలుగు ఇళ్ళలో ఉండాలి. కంప్యూటర్ మీద స్టీమ్‌లో కొనేవాళ్ళకి "షేర్డ్ లేదా స్ప్లిట్ స్క్రీన్ కో-ఆప్", "ఆన్‌లైన్ కో-ఆప్" అని విడివిడిగా రాసి ఉంటుంది. ఎక్స్‌బాక్స్ స్టోర్‌లో "లోకల్ కో-ఆప్", "ఆన్‌లైన్ కో-ఆప్" అని. వీటికి తోడు సౌదీ ప్రభుత్వం ఇచ్చే వయసు అంకె (3, 7, 12, 16, 18) డబ్బా మీద ఉంటుంది, అదీ చూడండి.

మావాళ్ళు ఇక్కడున్న రోజుల్లో మా అబ్బాయి పుట్టినరోజుకి కొన్న ఒక ఆట సంగతి చెబుతాను, కంపెనీ పేరు అనవసరం. డబ్బా ముందు బొమ్మలో ఇద్దరు వీరులు వీపుకి వీపు ఆనించి నిలబడి ఉంటారు. ప్రకటనల్లో అంతా "కలిసి పోరాడండి". మొదటి రోజు ఇద్దరం రిమోట్లు పట్టుకుని కూర్చున్నాం. కలిసి ఆడే భాగం "త్వరలో" అని తెర మీద వచ్చింది. ఆ త్వరలో వచ్చేసరికి వాళ్ళు రాజమండ్రి వెళ్ళిపోయి ఏడు నెలలైంది. కంపెనీ లెక్కల్లో ఏడు నెలలు ఆలస్యమే. పదేళ్ళ పిల్లాడి లెక్కల్లో అది వేరే కాలం. అందుకే నేను ఒకటే చెబుతాను: "త్వరలో" అన్న మాటకి డబ్బు ఇవ్వకండి. ఈ రోజు డిస్కులో ఏముందో దానికే ఇవ్వండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ముందే బుకింగ్ చేసుకోవడం ఎందుకు?

ఇక ఆటలు. ఇంట్లో ఇద్దరున్నవాళ్ళు ఇట్ టేక్స్ టూ (2021)తో మొదలుపెట్టండి. లెబనాన్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన సినిమా దర్శకుడు జోసెఫ్ ఫారెస్ స్టూడియో హేజ్‌లైట్ చేసింది. ఈఏ ప్రచురించింది అన్నాను కదా, అది ఇదే. ఒక్కరు ఆడడం కుదరనే కుదరదు, ఇద్దరు ఉండాల్సిందే. విడిపోదామనుకుంటున్న భార్యాభర్తలు కూతురి బొమ్మలుగా మారిపోతారు. ఒకరి చేతిలో మేకులు ఉంటే ఇంకొకరి చేతిలో సుత్తి, ఇలా ప్రతి ఘట్టంలోనూ ఇద్దరికీ వేరు వేరు పనులు. ఆ ఏడాది ఉత్తమ గేమ్ అవార్డు దీనికే ఇచ్చారు. మధ్యలో ఒక ఏనుగు బొమ్మ ఘట్టం వస్తుంది, చిన్నపిల్లలు ఏడుస్తారు, ముందే చెబుతున్నాను. దూరంగా ఉన్నవాళ్ళకి ఇందులో ఇంకో సుగుణం ఉంది. ఫ్రెండ్స్ పాస్ అని, ఒకరు కొంటే రెండోవాళ్ళు ఉచితంగా దించుకుని కలవొచ్చు. అదే స్టూడియో 2025 మార్చిలో స్ప్లిట్ ఫిక్షన్ తెచ్చింది. అందులో ఒకరిది ప్లేస్టేషన్, ఒకరిది కంప్యూటర్ అయినా ఫరవాలేదు. కొంచెం పెద్దపిల్లలకి.

ఓవర్‌కుక్డ్ (2016, రెండోది 2018) గురించి మా ఆవిడ ఒకే మాటంది: "ఇంట్లో వంటకే సాయం చేయరు, ఇందులో చేస్తారా?" ఒకరు తరగాలి, ఒకరు వండాలి, ఒకరు గిన్నెలు కడగాలి, గడియారం పరుగెడుతూ ఉంటుంది. కొట్టుకోకుండా ఆడేది కావాలన్నవాళ్ళకి ఇది చెప్పను. పోర్టల్ 2 (2011) పాతదే అయినా బుర్రకి పదును పెట్టేవాటిలో దానికి సాటి లేదు.

దూరంగా ఉన్నవాళ్ళకి నా మొదటి సలహా మాత్రం వేరు. కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ (2015). ఒకరి తెర మీద టైంబాంబు ఉంటుంది. దాన్ని ఎలా ఆపాలో చెప్పే పుస్తకం రెండోవాళ్ళ దగ్గర ఉంటుంది. బాంబు చూసేవాడు పుస్తకం చూడకూడదు, పుస్తకం ఉన్నవాడు బాంబు చూడకూడదు. మాటలే ఆధారం. ఒక కాపీ చాలు, పుస్తకం ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, రెండో మనిషికి మామూలు ఫోన్ కాల్ ఉంటే చాలు. సౌదీలో 2017 సెప్టెంబర్‌లో నెట్ కాల్స్ మీద నిషేధం సడలించాక ఇలాంటివి మనకీ అందుబాటులోకి వచ్చాయి. నేను ఇక్కడ బాంబుతో, మావాడు అక్కడ స్పైరల్ బైండింగ్ చేయించుకున్న పుస్తకంతో. గుర్తుల ఘట్టం వస్తే మా భాష వినాలి: "త్రిశూలం ఉంది నాన్నా, పక్కన గుర్రపు నాడా, తిరగేసిన ప్రశ్నార్థకం..." "ఆగు నాన్నా, ముందు నాడా నొక్కు!" వాళ్ళమ్మ వెనకనుంచి వైర్ల రంగులు లెక్కపెడుతుంది. మూడు నిమిషాల్లో ముగ్గురం మాట్లాడుకున్నన్ని మాటలు మామూలు ఫోన్లో వారానికి కూడా ఉండవు.

కంప్యూటర్ ఉంటే స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ అనే సౌకర్యం 2019 నుంచి ఉంది. ఒకే టీవీ మీద ఆడాల్సిన ఆటని నెట్ ద్వారా అవతలివాళ్ళకి చూపించి, వాళ్ళ రిమోట్‌ని ఇక్కడిదానిలా పనిచేయిస్తుంది. ఆట ఒకరి దగ్గర ఉంటే చాలు. నెట్ బాగోకపోతే కొంచెం వెనకబడుతుంది, కాబట్టి నిదానంగా ఆడేవి ఎంచుకోండి. క్యాంపుల్లో ఫోన్ తప్ప ఇంకేమీ లేని తమ్ముళ్ళకి స్కై: చిల్డ్రన్ ఆఫ్ ది లైట్ (2019) చెబుతాను. ఉచితం. చేయి పట్టుకుని ఒకరు ఎగిరితే ఇంకొకరు వెంట వస్తారు. తుపాకులు లేవు. నాలుగేళ్ళ కూతురు కూడా తండ్రి చేయి పట్టుకుని ఆడగలదు. మైన్‌క్రాఫ్ట్ కూడా ఫోన్ నుంచి ఫోన్‌కి దేశాలతో పని లేకుండా కలుస్తుంది.

అన్నీ అలా కలవవు. పబ్జీనే చూడండి. ఇండియాలో 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో ఇండియాకి విడిగా వచ్చింది. చూడ్డానికి ఒకే ఆట, కానీ సర్వర్లు వేరు. ఇక్కడి పబ్జీలో ఉన్న బాబాయి, కరీంనగర్‌లో బీజీఎంఐ ఆడే అబ్బాయి ఒకే జట్టులో చేరలేరు. చాలామంది పాత పబ్జీ స్నేహాలు అక్కడే తెగిపోయాయి. ప్లేస్టేషన్ అకౌంట్‌తోనూ జాగ్రత్త. తెరిచేటప్పుడు ఏ దేశం పెడితే అదే శాశ్వతం, తర్వాత మార్చడం కుదరదు. సౌదీ అకౌంట్‌కి సౌదీ కార్డులే పనిచేస్తాయి. ఊరికి తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు పిల్లల పేరుతో ఏ దేశంలో తెరవాలో ముందే ఆలోచించుకోండి.

హేలో కథకి ఒక కొసరు. మొదటి హేలోనే కొత్తగా చేసి, ఇద్దరికి స్ప్లిట్ స్క్రీన్ కో-ఆప్‌తో 2026లో తెస్తామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. ప్లేస్టేషన్‌కి కూడా అన్నారు. డబ్బా వెనక అంకె చూశాకే నేను కొంటాను.

టైం గురించి అడుగుతున్నారు కాబట్టి: మనకీ ఇండియాకీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు, అక్కడ పిల్లలకి ఆదివారం. శనివారం సాయంత్రం ఇక్కడ ఆరు అయితే అక్కడ ఎనిమిదిన్నర, మర్నాడు బడి లేదు. మా స్టార్‌డ్యూ పొలం ఆ గంటలోనే సాగుతోంది. ఇప్పుడు రెండో ఏడాది చలికాలం, పంటలు ఉండవు కాబట్టి మావాడు గనిలోకి దిగుతున్నాడు, నేను కోళ్ళకి మేత వేస్తున్నాను.